పార్కులో 30 మందికి హాట్ డాగ్‌లు: మాడ్చకుండా, వెజ్ వాళ్ళని పస్తు పెట్టకుండా

ఒక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. అమెరికా షాపుల్లో ప్యాకెట్‌లో దొరికే హాట్ డాగ్ (పొడవాటి బన్నులో పెట్టి తినే మాంసపు సాసేజ్) పచ్చి మాంసం కాదు. ఫ్యాక్టరీలోనే ఉడికించి, చాలావాటికి పొగ కూడా పట్టించి, చల్లార్చి ప్యాక్ చేస్తారు. పార్కులో మీరు చేసేది వంట కాదు, వేడి చేయడం. కాబట్టి పెద్ద మంట అక్కర్లేదు, తొందరా అక్కర్లేదు.

ఈ ముక్క నాకు మొదటిసారి ఎవరూ చెప్పలేదు. న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో, జులై 4న, ఒక పార్కులో గ్రిల్ దగ్గర నన్ను నిలబెట్టారు. బొగ్గుల మీద లైటర్ ఫ్లూయిడ్ ధారగా పోసి, మంట మోకాలెత్తు లేస్తుండగానే సాసేజ్‌లు పడేశాను. పైన బొగ్గైపోయాయి, లోపల ఫ్రిజ్ చల్లదనం అలాగే ఉంది. ఆ వేసవికి ఇండియా నుంచి వచ్చిన మా మామయ్య ఒక ముక్క కొరికి, కాసేపు నమిలి, "బాగానే ఉందిరా, కాకపోతే కిరసనాయిలు స్టవ్ మీద చేసినట్టుంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తూనే ఉంది.

ఇక్కడ కుకౌట్ల (ఆరుబయట గ్రిల్ మీద కాల్చుకుని తినే విందుల) కాలం మే నెల చివరి సోమవారం మెమోరియల్ డేతో మొదలై, సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డేతో ముగుస్తుంది. ఆ మధ్యలో ఎప్పుడో ఒకసారి గ్రిల్ బాధ్యత మీ మీద పడుతుంది. మన గుంపుల్లో ఉండే ప్రత్యేకమైన చిక్కులు (బీఫ్ తిననివాళ్ళు, పోర్క్ తిననివాళ్ళు, అసలు మాంసమే ముట్టనివాళ్ళు, వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, మూడేళ్ళ పిల్లలు) అమెరికన్ వంటల పుస్తకాల్లో దొరకవు. అందుకే వాటి గురించి కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

లెక్క

హాట్ డాగ్‌లు సాధారణంగా ప్యాకెట్‌కి 10 వస్తాయి. బన్నులు ప్యాకెట్‌కి 8. ఎందుకిలా అని ఈ దేశంలో అందరూ జోకులేసుకుంటారు గానీ మార్చినవాళ్ళు తక్కువ. 4 ప్యాకెట్ల సాసేజ్‌లకి 5 ప్యాకెట్ల బన్నులు కొంటే 40కి 40 సరిపోతాయి. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకోండి.

30 మందిలో 8 మంది వెజ్, 7 మంది పిల్లలు, మిగతా 15 మంది మాంసం తినే పెద్దవాళ్ళు అనుకుందాం. పెద్దవాళ్ళకి తలా రెండు, పిల్లలకి తలా ఒకటి. మొత్తం 37, అంటే 40. వెజ్ వాళ్ళకి తలా రెండు చొప్పున 16. వెజ్ డాగ్‌లు (మాంసం లేని సాసేజ్‌లు) 8 ఉన్న ప్యాకెట్లు దొరుకుతాయి కాబట్టి రెండు ప్యాకెట్లు, రెండు ప్యాకెట్ల బన్నులు. మనవాళ్ళ పాట్‌లక్‌లో ఎవరో ఒకరు ట్రే నిండా పులిహోర, ఇంకొకరు చికెన్ బిర్యానీ తేకుండా ఉండరు. అందుకని ఇంతకంటే ఎక్కువ కొనకండి.

లేబుల్ చదవకుండా బుట్టలో వేయకండి

ప్యాకెట్ మీద ఉత్త "ఫ్రాంక్స్" అనో "వీనర్స్" అనో ఉంటే అందులో చికెన్, టర్కీ, పోర్క్ కలిసి ఉండొచ్చు. "ఆల్ బీఫ్" అంటే అర్థమవుతూనే ఉంది. మన గుంపుకి మామూలుగా చికెన్ లేదా టర్కీవి తీసుకుంటాం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. లోపల చికెనే అయినా పైతొడుగు పంది పేగుతో చేసింది కావచ్చు. ఖరీదైన చికెన్ సాసేజ్‌లలో ఇది మామూలే. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "పోర్క్ కేసింగ్" అని ఉంటుంది, వెతికి చూడాలి. "స్కిన్‌లెస్" అని రాసి ఉన్నవాటికి ఈ బెడద లేదు. వాటిని తయారీలో సెల్యులోజ్ తొడుగులో ఉడికించి, ప్యాక్ చేసేముందు ఆ తొడుగు వలిచేస్తారు. ముస్లిం స్నేహితులు వస్తుంటే హలాల్ గుర్తున్నవి విడిగా కొనండి. వాళ్ళని అడిగి కొంటే ఇంకా మంచిది.

ఇంకొకటి, "ఫుల్లీ కుక్డ్" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. బ్రాట్‌వర్స్ట్, ఇటాలియన్ సాసేజ్ లాంటివి చాలావరకు పచ్చివే. చూడటానికి హాట్ డాగ్‌కి అన్నయ్యల్లా ఉంటాయి గానీ వాటి వ్యవహారం వేరు, వాటిని పూర్తిగా ఉడికించాలి. మొదటిసారి గ్రిల్ పట్టేవాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మేలు.

వెజ్ డాగ్‌లలో కొన్నిటిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది. బన్నుల్లోనూ కొన్నిట్లో గుడ్డు ఉంటుంది. గుడ్డు తిననివాళ్ళుంటే రెండు లేబుళ్ళూ చదవాలి.

ముందురోజు రాత్రి

కొందరు పెద్దవాళ్ళకి వెజ్ డాగ్ పెడితే, మాంసంలా ఉందని నోట్లోంచి తీసేస్తారు. మా పెద్దత్త అలాగే చేసింది. అలాంటివాళ్ళ కోసం క్యారెట్ డాగ్ చేయండి. పేరు వింటే నవ్వొస్తుంది గానీ తింటే మటుకు బాగుంటుంది. సాసేజ్ లావు క్యారెట్లు ఏరుకుని, చెక్కు తీసి, రెండు చివర్లూ బన్ను పొడవుకి కోసుకోండి. ఉప్పునీళ్ళలో 10-12 నిమిషాలు ఉడికించండి. చాకు గుచ్చితే దిగాలి, కాకపోతే చివర్లో కొంచెం పట్టివ్వాలి. మెత్తబడితే గ్రిల్ మీద రెండుగా విరుగుతాయి. సోయా సాస్, వెనిగర్, నూరిన వెల్లుల్లి, పొగ వాసనుండే పాప్రికా, చిటికెడు చక్కెర, రెండు చెంచాల నూనె కలిపి ఆ ఉడికిన క్యారెట్లని జిప్ సంచిలో వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు గ్రిల్ మీద ఆరేడు నిమిషాలు చాలు. ఇదీ వద్దంటే పనీర్‌ని వేలెడు పొడవు కడ్డీల్లా కోసి, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, నూనె పట్టించి తీసుకెళ్ళండి.

ఇదే రాత్రి చేసిపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. నా దృష్టిలో మొత్తం కుకౌట్‌కి ప్రాణం అదే. న్యూయార్క్ వీధుల్లో తోపుడుబళ్ళ మీద అమ్మే హాట్ డాగ్ మీద ఎర్రగా, జారుగా ఒక ఉల్లిపాయ కూర వేస్తారు. మనం ఊహించుకునేంత వింత వస్తువేం కాదు, ఉల్లిపాయ ఇగురుకి దూరపు చుట్టం. ఆరు పెద్ద ఉల్లిపాయల్ని సన్నటి పొడుగు ముక్కలుగా తరగండి. నాలుగు పెద్ద చెంచాల నూనెలో, సన్నటి సెగ మీద, పది నిమిషాలు మగ్గించండి. బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా కానివ్వకూడదు, అద్దంలా మెరవాలి, అంతే. ఇప్పుడు రెండు చెంచాల కారం, చిటికెడు దాల్చినచెక్క పొడి, ఉప్పు, నాలుగు పెద్ద చెంచాల టొమాటో పేస్టు వేసి పచ్చివాసన పోయేదాకా తిప్పండి. గ్లాసున్నర నీళ్ళు, రెండు పెద్ద చెంచాల వెనిగర్ పోసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. గరిటెతో తీస్తే మొత్తంగా జారాలి, పళ్ళెంలో వేస్తే చుట్టూ నీరు వేరుపడకూడదు. పోపు వేయాలనిపిస్తుంది. వద్దు. జీలకర్ర, కరివేపాకు వేశారా, అది వేరే కూర అయిపోతుంది. దీన్ని వేడివేడిగా వెడల్పు మూతి ఫ్లాస్క్‌లో పోసుకుని తీసుకెళ్ళినా సరే, చల్లార్చి కూలర్‌లో తీసుకెళ్ళి గ్రిల్ మీద బాగా మరిగించినా సరే.

సాసేజ్‌లు ఫ్రీజర్‌లో ఉంటే ఈ రాత్రే కింది ఫ్రిజ్‌లోకి మార్చండి. గడ్డకట్టిన సాసేజ్ మీద ఎంత నేర్పు చూపినా లాభం లేదు.

కూలర్‌లు రెండు ఉండాలి. ఒకటి డ్రింకులకి, ఒకటి మాంసానికి. పిల్లలు జ్యూస్ కోసం నిమిషానికోసారి మూత తీస్తుంటారు కాబట్టి రెండూ ఒక దాంట్లో పెడితే మధ్యాహ్నానికి మాంసం వెచ్చబడుతుంది. మాంసం కూలర్ లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ (4 సెల్సియస్) దాటకూడదు. ఐస్ కిందే కాదు, పైన కూడా పరవండి.

నిప్పు

పార్కుల్లో ఉండేవి ఇనప స్తంభం మీద బిగించిన బొగ్గు గ్రిల్‌లు. న్యూజెర్సీలో చాలా కౌంటీ పార్కుల్లో పెద్ద గుంపుకి చోటు కావాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి. లాంగ్ వీకెండ్‌కి వారం ముందు అడిగితే దొరకదు. పర్మిట్ అక్కర్లేని చోటైతే పొద్దున తొమ్మిదికల్లా ఒకరు వెళ్ళి గ్రిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం, అదీ పద్ధతి. ఆ ఉద్యోగం మా గుంపులో ఎప్పుడూ కొత్తగా పెళ్ళైన జంటలకే పడుతుంది.

గ్రిల్ కమ్మీల మీద పోయినవారం ఎవరో కాల్చిన దాని మిగులు అట్టకట్టి ఉంటుంది. తీగల బ్రష్‌తో తోమితే తీగలు విరిగి కమ్మీలకి అతుక్కుని, తర్వాత ఎవరి గొంతులోనో గుచ్చుకునే ప్రమాదం ఉంది. దానికి బదులు అల్యూమినియం ఫాయిల్‌ని బంతిలా నలిపి, పటకారుతో పట్టుకుని రుద్దండి. కమ్మీలు వేడెక్కాక రుద్దితే సులువుగా వస్తుంది. ఆ తర్వాత ఉల్లిపాయని సగానికి కోసి, నూనెలో ముంచి కమ్మీల మీద రాయండి. దోసె పెనానికి మీ అమ్మ చేసిందే ఇది. పనికొచ్చే కారణం కూడా అదే: అంటుకోదు.

బొగ్గు రాజేయడానికి లైటర్ ఫ్లూయిడ్ బదులు చిమ్నీ స్టార్టర్ అనే ఇనప డబ్బా కొనుక్కోండి. పిడి ఉన్న పెద్ద లోటాలా ఉంటుంది, అడుగున చిల్లులు. పెద్దదాంట్లో దాదాపు 100 బొగ్గు బిళ్ళలు పడతాయి. కింద రెండు కాగితాలు ఉండచుట్టి పెట్టి, పైన బొగ్గు నింపి, కాగితానికి నిప్పంటించండి. గాలి కిందినుంచి పైకి ఎగబాకుతుంది కాబట్టి విసనకర్ర పట్టుకుని ఊపే పనే ఉండదు. మొదటి ఐదు నిమిషాలు తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు. ఆరిపోయిందేమో అనిపిస్తుంది. కదపకండి. పదిహేను, ఇరవై నిమిషాలకి పైవరస బిళ్ళల అంచులు బూడిద రంగు తిరిగి, లోపల కణకణమంటూ ఎర్రగా కనిపిస్తాయి. అప్పుడు గ్రిల్‌లోకి ఒంపుకోవాలి. చేతికి మందపాటి గ్లోవ్ ఉండాలి.

లైటర్ ఫ్లూయిడే వాడాల్సి వస్తే చల్లటి బొగ్గు మీద మాత్రమే పోయండి, అది పూర్తిగా కాలిపోయి బొగ్గు బూడిద పట్టేదాకా ఏదీ కాల్చకండి. రాజుకున్న బొగ్గు మీద మళ్ళీ పోయడం మా మామయ్య జోకు వరకూ తీసుకెళ్తుంది, లేదంటే ఆసుపత్రి వరకూ. వాన పడినా సరే, బొగ్గు గ్రిల్‌ని టెంట్ కిందికి గానీ గరాజ్‌లోకి గానీ లాగకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

నిప్పులన్నీ పరిచేయకుండా ఒక పక్కకి పోగేయండి. రెండోపక్క ఖాళీగా వదిలేయండి. నిప్పులున్న వైపు కాల్చడానికి, లేనివైపు దాచడానికి. ఏ గ్రిల్ విద్యకైనా ఇదే మూలం. మంట ఎగిసిందా, సాసేజ్‌ని అటు జరుపుతారు. వడ్డించేవాడు ఫోన్‌లో ఉన్నాడా, అటు జరుపుతారు.

సెగ ఎంతుందో చూడటానికి అరచేతిని కమ్మీలకి జానెడు పైన పెట్టి లెక్కపెట్టండి. రెండు అనేలోపు చెయ్యి లాగేసుకుంటే చాలా ఎక్కువ. నాలుగైదు వరకూ ఉంచగలిగితే అదే హాట్ డాగ్‌కి కావాల్సిన సెగ.

కాల్చడం

వెజ్ వాటితో మొదలుపెట్టండి. అప్పుడే కడిగిన కమ్మీలు, అప్పుడే తీసిన పటకారు. మాంసం ఒక్కసారి తగిలాక వెజ్ వాళ్ళకి ఆ కమ్మీలు పనికిరావు, మీరు ఎన్ని చెప్పినా. ఒకసారి నేను రెండిటికీ ఒకే పటకారు వాడుతుంటే మా పెద్దత్త దగ్గరికొచ్చి చాలా నెమ్మదిగా, "ఈ పటకారుతోనేనా బాబూ?" అని అడిగింది. నేను అబద్ధం చెప్పలేకపోయాను. ఆ రోజు ఆవిడ పెరుగన్నం డబ్బా విప్పుకుని చెట్టు కింద కూర్చుంది. అప్పట్నుంచి వెజ్ పటకారు పిడికి పచ్చ టేపు చుట్టి ఉంచుతున్నాను. గ్రిల్‌లు రెండు దొరికితే ఒకటి పూర్తిగా వెజ్‌కే. ఒక్కటే ఉండి తర్వాత మళ్ళీ వెజ్ కావాలంటే, మందపాటి ఫాయిల్ ట్రే వేసి అందులో కాల్చండి.

వెజ్ డాగ్‌లలో కొవ్వు తక్కువ. నూనె రాయకపోతే కమ్మీలకి అతుక్కుని చర్మం ఊడొస్తుంది. నూనె రాసి, నాలుగైదు నిమిషాలు తిప్పితే చాలు. ఎక్కువసేపు ఉంచితే తోలులా అవుతాయి.

ఇక మాంసానివి. ప్యాకెట్ విప్పగానే లోపల కొంచెం నీరు ఉంటుంది. అది సలాడ్ మీదా బన్నుల మీదా పడకుండా దూరంగా ఒంపేసి, చేతులు కడుక్కోండి. సాసేజ్‌లని పేపర్ టవల్‌తో తుడిస్తే పైన రంగు త్వరగా వస్తుంది. చేపల వేపుడికి గాట్లు పెట్టినట్టే ఏటవాలుగా మూడు నాలుగు గాట్లు పెట్టొచ్చు, కానీ అంత లోతు వద్దు, గోరు మందం చాలు. గాట్ల అంచులు కరకరలాడతాయి, ఉల్లిపాయ కూర అందులో ఇరుక్కుంటుంది. తొడుగు ఉన్న సాసేజ్‌లకి మాత్రం గాట్లు పెట్టకండి. కొరికినప్పుడు టప్‌మని తెగే ఆ తొడుగు కోసమేగా ఎక్కువ డబ్బిచ్చి కొన్నది.

కమ్మీలకి అడ్డంగా పరవండి, లేదంటే సందుల్లోంచి నిప్పుల్లో పడతాయి. ఒక విడతకి 12-15 మించి వేయకండి. ఎక్కువేస్తే తిప్పడం కుదరదు. నిమిషంన్నరకోసారి పావు మలుపు చొప్పున దొర్లించండి. ఫోర్కుతో గుచ్చి తిప్పకండి, ఉన్న కాస్త రసమూ నిప్పుల్లోకి పోతుంది. మొత్తం ఆరేడు నిమిషాలు. మొదట సాసేజ్ చెమట పట్టినట్టు మెరుస్తుంది. తర్వాత ఉబ్బుతుంది. తర్వాత గాట్లు విచ్చుకుని వాటి అంచుల్లో చిన్న చిన్న బుడగలతో నూనె చిటపటలాడుతుంది. ఆ చిటపట వినపడగానే తీసేయాలి. ఇంకా ఉంచితే లోపలి ఆవిరికి తట్టుకోలేక పొడవునా పగిలి, ముడుచుకుపోతుంది.

కొవ్వు కారి మంట ఎగిస్తే నీళ్ళు చల్లకండి. బూడిదంతా లేచి సాసేజ్‌ల మీద పడుతుంది. ఖాళీ వైపుకి జరిపి, మంట దానంతటది తగ్గేదాకా ఆగండి.

ముందే ఉడికినదైతే చల్లగా తిన్నా తప్పేముంది అని ఎవరైనా అంటారు. చాలామందికి ఏమీ కాకపోవచ్చు. కానీ లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. అది గర్భిణులకీ, 65 దాటినవాళ్ళకీ చాలా ప్రమాదం. మన కుకౌట్‌లో ఈ రెండు రకాలవాళ్ళూ తప్పకుండా ఉంటారు. వాళ్ళకిచ్చేవి లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) వరకూ వేడెక్కాలి. థర్మామీటర్‌ని పక్కనుంచి కాకుండా చివర్నుంచి పొడవునా గుచ్చితే సరిగ్గా చూపిస్తుంది. థర్మామీటర్ లేకపోతే ఒకటి విరిచి చూడండి, మధ్యలోంచి పొగలు రావాలి.

బన్ను

చాలామంది గ్రిల్ చుట్టూ ఇంత హడావుడి చేసి, బన్నుని మాత్రం చల్లగా ప్యాకెట్‌లోంచి తీసి ఇచ్చేస్తారు. నాకు అర్థం కాని విషయం ఇది. లోపలి వైపు కొంచెం వెన్న రాసి, బోర్లించి, సెగ తక్కువున్న చోట అర నిమిషం ఉంచండి. చూపు తిప్పారంటే మాడుతుంది. వెన్న కంటే నెయ్యి ఇంకా బాగుంటుందని నా అనుభవం, త్వరగా మాడదు, వాసన గురించి చెప్పక్కర్లేదు. కాల్చిన బన్నుకి ఇంకో లాభం, ఆవపిండి సాస్, ఉల్లిపాయ కూర తడికి మెత్తబడి చేతిలోనే విడిపోకుండా నిలుస్తుంది.

పైన ఏం వేయాలి, ఏది ముందు

పసుపుపచ్చ మస్టర్డ్ సీసా చూసి ఇదేదో రసాయనమనుకుంటారు ఇండియా నుంచి వచ్చినవాళ్ళు. దాని వెనక చదివించండి: ఆవాలు, వెనిగర్, పసుపు. ఆ రంగు పసుపుదే. ఆవ పెట్టిన కూర తిని పెరిగినవాళ్ళకి ఇందులో కొత్తేముంది? మా మామయ్యకి ఈ మాట చెప్పాక కెచప్ ముట్టుకోలేదు.

ఈ దేశంలో హాట్ డాగ్ కోసం నేషనల్ హాట్ డాగ్ అండ్ సాసేజ్ కౌన్సిల్ అని ఒక సంస్థే ఉంది. వాళ్ళు తినే మర్యాదల జాబితా కూడా పెట్టారు. సాస్‌ని బన్నుకి కాదు, సాసేజ్ మీద వేయాలట. ముందు మస్టర్డ్, చిల్లీ (కారంగా ఉండే కీమా కూర) లాంటి తడివి, తర్వాత రెలిష్ (సన్నగా తరిగిన దోసకాయ ఊరగాయ), ఉల్లిపాయ లాంటి ముక్కలవి, ఆపైన తురిమిన చీజ్, చివర్లో పొడులు. పద్దెనిమిదేళ్ళు దాటాక కెచప్ వేసుకోకూడదట. కెచప్ మాట సరదాకి వదిలేసినా, ఆ వరుస మాత్రం నిజంగా పనికొస్తుంది. ఉల్లిపాయలు మస్టర్డ్‌కి అంటుకుని జారిపోకుండా ఉంటాయి.

షికాగో వాళ్ళ ముందు మాత్రం కెచప్ సీసా ఎత్తకండి. వాళ్ళ పద్ధతే వేరు. గసగసాల బన్ను, అందులో బీఫ్ సాసేజ్, పసుపుపచ్చ మస్టర్డ్, కళ్ళు చెదిరే ఆకుపచ్చ రెలిష్, తరిగిన ఉల్లిపాయ, టొమాటో చీలికలు, నిలువుగా కోసిన ఊరగాయ దోసకాయ, చిన్న ఊరిన మిరపకాయలు, పైన సెలెరీ ఉప్పు. తోటలో ఈడ్చుకొచ్చిన హాట్ డాగ్ అని వాళ్ళే అంటారు. సాసేజ్ తీసేసి క్యారెట్ పెడితే మన వెజ్ వాళ్ళకి సరిగ్గా నప్పే హాట్ డాగ్ ఇదే. ఆ చిన్న మిరపకాయలు దొరక్కపోతే ఊరమిరపకాయలు వేయించి పెట్టండి. షికాగో వాళ్ళకి చెప్పకండి.

సవర్‌క్రాట్ (పులియబెట్టిన క్యాబేజీ తురుము) పెడితే నీళ్ళు గట్టిగా పిండి పెట్టండి. ఇంతకుమించి పదిరకాలు పెట్టనవసరం లేదు. మస్టర్డ్, కెచప్, రెలిష్, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఎర్ర ఉల్లిపాయ కూర చాలు. ఆవకాయ ఎలాగూ ఎవరో ఒకరి బ్యాగ్‌లోంచి బయటికొస్తుంది.

వడ్డన

గ్రిల్ దగ్గరివాడు ఒక్కడే కాల్చి, బన్నులో పెట్టి, సాస్ వేసి ఇవ్వాలంటే క్యూ పార్కింగ్ దాకా పోతుంది. ఇద్దరు కావాలి. ఒకరు కాల్చి బన్నులో పెట్టి చేతికివ్వాలి, అక్కడితో ఆయన పని అయిపోయింది. ఆపైనవన్నీ నాలుగు గజాల దూరంలో వేరే బల్ల మీద, తినేవాళ్ళే వేసుకుంటారు. వెజ్ బల్ల విడిగా, గాలికి పొగ అటు పోని దిక్కున.

ముందు పిల్లలకి. నాలుగేళ్ళలోపు పిల్లలకి హాట్ డాగ్‌ని ఎప్పుడూ గుండ్రటి చక్రాల్లా కోసి పెట్టకండి. ఆ చక్రం సరిగ్గా గొంతుకి బిరడాలా పడుతుంది. పొడవునా నాలుగు చీలికలు చేసి, వాటిని మళ్ళీ చిన్న ముక్కలు చేయండి. పక్కింటి పిల్లాడి పళ్ళెంలో కనిపించినా మీరే చొరవ తీసుకుని కోసేయండి, వాళ్ళమ్మ ఏమీ అనుకోదు.

తర్వాత పెద్దవాళ్ళకి, కూర్చున్నచోటికే తీసుకెళ్ళి ఇవ్వండి. అంత పొడవు బన్ను చేత్తో పట్టుకుని కొరకడం కొందరికి ఇబ్బంది. సగానికి కోసి, రెండు పేపర్ నాప్కిన్లతో ఇస్తే సరి.

రెండో విడత వాళ్ళు ఆలస్యంగా వస్తే, కాలినవాటిని ఫాయిల్ ట్రేలో వేసి, ఒక గరిటె వేడినీళ్ళో ఉల్లిపాయ కూర పులుసో పోసి, మూతవేసి, నిప్పులు లేనివైపు పెట్టండి. 140 డిగ్రీల ఫారెన్‌హీట్ (60 సెల్సియస్) పైన ఉన్నంతసేపు ఫర్వాలేదు. బల్ల మీద ఊరికే పెట్టినవి మాత్రం రెండు గంటలు, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ (32 సెల్సియస్) దాటితే ఒక్క గంటే. ఆ తర్వాత పారేయడమే. మనవాళ్ళకి ఆహారం పారేయాలంటే చెయ్యి రాదు, నాకూ రాదు, అందుకే అన్నీ ఒకేసారి కాల్చకుండా అడిగినప్పుడల్లా కాల్చడం అలవాటు చేసుకున్నాను.

జులై 4 అయితే ఫోన్‌లో ఎవరో ఒకరు న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో జరిగే హాట్ డాగ్ తిండిపోటీ పెడతారు. 1916లో నేథన్ హ్యాండ్‌వెర్కర్ అనే పోలండ్ వలసదారు అక్కడ అయిదు సెంట్లకి హాట్ డాగ్ అమ్మడం మొదలుపెట్టిన కొట్టు ముందే ఈ పోటీ జరుగుతుంది. 2021లో జోయీ చెస్ట్‌నట్ పది నిమిషాల్లో 76 తిన్నాడు, బన్నులతో సహా. మీ గుంపులో కుర్రాళ్ళు అది చూసి పోటీకి దిగితే, మీరు కొన్న 40 ఎటూ సరిపోవు. గట్టిగా ఒక కసురు కసరండి.

నిప్పు ఆర్పడం

పైకి బూడిదలా కనిపించే బొగ్గు లోపల గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. చెట్టు మొదట్లోనో మామూలు చెత్తడబ్బాలోనో పోస్తే అంటుకుంటుంది. వెళ్ళే అరగంట ముందు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయండి. బుస్సుమన్న శబ్దం పూర్తిగా ఆగాలి. చాలా పార్కుల్లో వేడి బొగ్గుకి విడిగా ఇనప తొట్టి ఉంటుంది, అందులోనే వేయండి.

విప్పని ప్యాకెట్లు ఫ్రిజ్‌లో రెండు వారాలు, విప్పినవి ఒక వారం ఉంటాయి. కూలర్‌లో ఐస్ ఇంకా మిగిలి ఉంటేనే సుమా, అంతా కరిగి నీళ్ళు గోరువెచ్చగా ఉంటే వాటి మీద ఆశ వదులుకోండి. బన్నులు మాత్రం ఎప్పుడూ మిగులుతాయి. మర్నాడు పొద్దున వాటిని సగానికి చీల్చి, పెనం మీద వెన్నతో ఎర్రగా కాల్చి, చిక్కటి టీలో ముంచుకుని తినండి. మా ఇంట్లో ఆ బన్నుల కోసమే ఒక ప్యాకెట్ ఎక్కువ కొంటున్నాం ఇప్పుడు.